ముక్కు కొన మీది సింహం తోక

మా ఊరికి కంటి డాక్టరు రాడు. చర్మం డాక్టరు కూడా రాడు. నేను పుట్టిన అరవై మూడేళ్లలో రాలేదు, ఇక రారు. వాళ్ల బొమ్మలు వస్తాయి, పలకంత తెర మీద, మంగళవారం పూట, సిగ్నల్ ఉంటే. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

కనుక వినండి. జంబూద్వీపాన, భరతఖండాన, శ్రీశైలానికి ఈశాన్య దిక్కున, కృష్ణకు దక్షిణపుటొడ్డున, వీరులకు కొదవలేనిదీ వానలకు మాత్రం ఎప్పుడూ కొదవైనదీ అయిన పల్నాటి సీమలో, గురజాలకు ఆటో దూరంలో, మాఘమాసపు మంగళవారం నాడు, సూర్యభగవానుడు తన ఏడు గుర్రాలనూ సరిగ్గా నడినెత్తి మీద నిలిపి కిందికి చూస్తుండగా, కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలితో చేయి కలిపి ఊరంతటినీ దగ్గిస్తుండగా, విలేజ్ క్లినిక్ వరండాలో, ఫ్యాను కింద కాదు, ఫ్యాను పక్కన, ఒక కాలు కుంటి ప్లాస్టిక్ కుర్చీ మీద, ఏకనేత్రుడూ ఏకాకీ ఎవరి మాటా లెక్కచేయనివాడూ అయిన పున్నారావు అనే నేను ఆసీనుడనై ఉన్నాను.

ఏకనేత్రుడంటే అలంకారం కాదు. నా కుడి కన్ను పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పోయింది. ముప్పై ఒక్కేళ్లయింది. తడి సున్నం ఎగిరి పడింది. కడుక్కోమని పది మంది చెప్పారు. నీళ్లు తెచ్చినవాడు ఒక్కడూ లేడు. మిగిలింది ఎడమ కన్ను. దానితోనే బతికాను. నా భార్య కోటమ్మ పోయాక ఎనిమిదేళ్లుగా దానితోనే బియ్యంలో రాళ్లు ఏరుకుని వండుకుంటున్నాను.

అటువంటి ఎడమ కంటి మీదికి శనివారం సాయంత్రం దండెత్తి వచ్చిన శత్రువు పేరు సర్పి. తలవెంట్రుకల అడవి అంచున పొంచి ఉండి, లలాటదుర్గాన్ని ఎడమవైపు నుంచి ముట్టడించి, నీటిపొక్కుల పదాతిదళాన్ని బారులు తీర్చి, నరాల వెంట అగ్నిబాణాలు ప్రయోగిస్తూ, కనుబొమ్మ అనే కోటగోడను ఒక్క పగటిలో దాటి, పైరెప్ప మీద డేరాలు వేసి, ఇక నేత్రసామ్రాజ్యమొక్కటే తరువాయి అని విర్రవీగుతున్న ఆ విషజ్వాలాకరాళ దుర్మద సర్పిని ఎదుర్కోవడానికి మా ఊళ్లో తరతరాలుగా ఒకే ఒక్క సైన్యం ఉంది. అది నాగేంద్రమ్మ జేగురు.

ఎవరికైనా సర్పి లేస్తే నాగేంద్రమ్మ సింహం వేస్తుంది. ఎర్రటి జేగురుమన్ను బండ మీద నూరి, వేపపుల్లకు దూది చుట్టి, పాము పాకే దారికి ఎదురుగా సింహాన్ని గీస్తుంది. సింహాన్ని చూసి పాము వెనక్కి మళ్లుతుందని లెక్క. ఆమెకు డెబ్భై నాలుగేళ్లు. యాభై ఏళ్లుగా గీస్తోంది. షరతులు రెండే. మూడు ఆదివారాలు నీళ్లు తగలకూడదు. చెరపవలసి వస్తే గీసిన చెయ్యే చెరపాలి.

ఆదివారం నాకు రెండు సింహాలు వేసింది. ఒకటి నుదుటి మీద నిలబడింది. రెండోది చెంప మీద కూర్చుంది. దానికి చోటు చాలలేదు. తోక ముక్కు మీదుగా పోయి, ముక్కు కొన మీద కుచ్చుగా ముగిసింది.

నువ్వు ఇవన్నీ నమ్ముతావా అని నన్ను అడగొద్దు. ఒక్క కన్ను ఉన్నవాడు ఎవరినీ కాదనలేడు.

మంగళవారం పొద్దున పాలకేంద్రం దగ్గర నర్సు శాంతి నన్ను చూసింది. విలేజ్ క్లినిక్ అంటే ఆ పిల్లే. మిగిలినదంతా గోడలు.

"ఏంది బాబాయ్, కన్ను మూసుకుపోయింది?"

"పోనీ."

"పోనీ ఏంది, ఉన్నదే ఒకటి. పద, డాక్టరమ్మకు చూపిస్తా."

"బొమ్మకు చూపిచ్చేదేంది నన్ను."

"నువ్వు రాకపోతే ఆ బొమ్మనే నీ ఇంటికి తెస్తా. నువ్వు కడగని గిన్నెలు గుంటూరు దాకా కనపడతయ్."

గిన్నెల పరువు కోసం వెళ్లాను. మూసుకుపోయిన రెప్ప వెనక నాకు కనపడనివన్నీ తర్వాత శాంతి చెప్పినవే.

శాంతి ట్యాబ్ తెరిచింది. నాలుగు గీతల సిగ్నల్లో రెండు గీతలు ఉన్నాయి. తెర మీద డాక్టర్ యశస్విని ప్రత్యక్షమైంది. గుంటూరులో ఎక్కడో ఒక తెల్ల గోడ ముందు కూర్చుని ఉంది. చర్మం డాక్టరు. నన్ను చూడగానే కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"శాంతి గారూ, ముఖమంతా రక్తం ఏంటండీ? ముందు దాన్ని ఆపండి."

"రక్తం కాదు మేడం. సింహాలు."

"ఏంటి?"

"సింహాలు మేడం. రెండు."

తెర కదల్లేదు. సిగ్నల్ పోయిందనుకున్నాం. పోలేదు.

శాంతి విషయం చెప్పింది. డాక్టరు నవ్వలేదు. నవ్వి ఉంటే లేచి వెళ్లిపోయేవాణ్ణి. తెరకు దగ్గరగా వంగి, రెప్ప మీది పొక్కులు చూసి, ఎప్పుడు మొదలైందో అడిగి, అప్పుడు చెప్పింది.

"చూడండి పున్నారావు గారూ. ఇది నరం వెంట వచ్చే జబ్బు. మాత్రలు మూడు రోజుల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి, అంటే ఈ సాయంత్రంలోపు. అవి శాంతి గారి దగ్గర ఉన్నాయి, ఇస్తారు. నా భయం అది కాదు. ఇది కన్ను లోపలికి దిగిందా లేదా అన్నది. కంటి లోపలికి వెళ్లే నరమే ముక్కు కొనకూ వెళుతుంది. కొన మీద పొక్కు ఉంటే కంట్లోకి దిగే ప్రమాదం చాలా ఎక్కువ. నాకు రెండు ఫొటోలు కావాలి. ముక్కు కొన ఒకటి. తెరిచిన కన్ను ఒకటి. కంటి డాక్టరు గారు నా పక్క గదిలో ఉన్నారు. ఒంటిగంటకు ఆపరేషన్లకు వెళ్లిపోతారు."

"ఫొటోలు రాకపోతే?" శాంతి అడిగింది.

"దిగిందనే అనుకోవాలి. ఇవాళే బయల్దేరి ఇక్కడికి రావాలి."

మూసుకుపోయిన కన్నుతో, పూర్తిగా పోయిన ఇంకో కన్నుతో, రెండు బస్సులు మారి గుంటూరు. చెయ్యి పట్టుకునేవాళ్లు లేరు. అదీ కష్టమే. కానీ ఆ మాట విన్నప్పుడు నా భయం బస్సుల గురించి కాదు. దిగి ఉంటే చీకటి. అంతే.

"ముందు ఆ ముక్కు కడగండి," అంది డాక్టరు.

ఆ తరుణంలో వీరుడైనవాడు ఏమని పలకాలో నాకు తెలుసు. 'ఓ తెరమీది వైద్యశిఖామణీ, సింహవాలఛేదన మహాపాతకానికి నన్ను పురికొల్పుచున్నావు; కాపలా సింహం తోక తెగిన మరుక్షణమే ఆ కపట సర్పం పడగెత్తి నా మిగిలిన ఏకైక నేత్రాన్ని కబళించినచో, అందుకు నీవు జవాబు చెప్పెదవా, నీ వెనకనున్న తెల్ల గోడ చెప్పునా' అని దిక్కులు పిక్కటిల్లేలా పలకాలి. నేను పలికింది ఒక్క ముక్క.

"కడగను."

"తోకే గదా బాబాయ్," అంది శాంతి.

"తోకైనా. గీసిన చెయ్యే చెరపాలి."

"ఆ చెయ్యి ఎక్కడుంది ఇప్పుడు?"

"కళ్లంలో తాలు మిరపకాయలు ఏరతా ఉంది."

శాంతి గోడ గడియారం చూసింది. పన్నెండూ పదిహేను. స్కూటీ తాళం తీసుకుంది. డాక్టరు తెర మీదే ఉండి, నాతో పాటు ఎదురు చూసింది.  ఆమె ఏవో కాగితాలు రాసుకుంది. నేను మంట భరించాను.

అప్పుడు, అశ్వమేధయాగాశ్వమైనను అందుకోజాలని వేగంతో, గతుకులను గతుకులని ఎంచక, ఎదురైన గేదెలను గేదెలని మన్నించక, ధూళిమేఘాల నడుమ నుంచి ఆవిర్భవించిన ఆ స్కూటీ రథం మీద, వెనక సీటున ఒక పక్కకు కూర్చుని, కొంగు నడుమున దోపి, వెండిజడ గాలికి వదిలి, రెండు చేతులూ ఆకాశానికెత్తి పట్టుకుని, శత్రువుకు లొంగిపోతున్నట్టో శత్రువును శపిస్తున్నట్టో తెలియని భంగిమలో నాగేంద్రమ్మ విచ్చేసింది. చేతులు ఎత్తడానికి కారణం భక్తి కాదు. పొద్దుటి నుంచి మిరపకాయలు ఏరిన చేతులు. అవి దేనికి తగిలితే అది మండుతుంది.

ఆమె దిగి, తెర ముందుకు వెళ్లి నిలబడింది.

"ఈ పిల్లేనా నా సింహాన్ని చెరపమంది?"

"నమస్కారం అమ్మా. నేను డాక్టర్ని."

"నీకెన్నేళ్లమ్మా?"

"ముప్పై ఒకటి."

"నా జేగురుబండకు యాభై."

ఉభయ సేనలూ ఒకదాన్నొకటి తేరిపార చూసుకున్నాయి. ఇటు అనుభవం, అటు చదువు. ఇటు జేగురు, అటు మాత్ర. నడుమ రణరంగంగా నా ముఖం. గడియారం పన్నెండూ ముప్పై అయింది. అప్పుడు డాక్టర్ యశస్విని ప్రయోగించిన అస్త్రం ఎలాంటిదంటే, దానికి పల్నాట విరుగుడు లేదు.

"సింహం చాలా బాగుందమ్మా," అంది.

నాగేంద్రమ్మ మెత్తబడింది. నేను చూశాను. అంటే, విన్నాను. యాభై ఏళ్లలో ఆమెతో తగ్గిందన్నవాళ్లు ఉన్నారు, తగ్గలేదన్నవాళ్లు ఉన్నారు. బాగుందన్నవాళ్లు లేరు.

"చానామంది కుక్క అంటారమ్మా," అంది మెల్లగా.

"జూలు ఉంది కదా. సింహమే."

"అదీ. చదువుకున్న పిల్లకు తెలుస్తయ్." నాగేంద్రమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు ఏమన్నావురా ఆదివారం నాడు?"

కుక్క అన్నాను. చెప్పలేదు.

సంధి కుదిరింది. షరతులు నాగేంద్రమ్మ చెప్పింది. "తోక ఒక్కటే తీస్తా. నడుం దాకా రాను. జూలు ముట్టను. నుదుటి సింహం జోలికి ఎవరూ పోగూడదు."

"తోక చాలమ్మా," అంది డాక్టరు.

ఇక చేతులు. శాంతి గ్లౌజులు తెచ్చింది. నాగేంద్రమ్మ వాటిని చూసి తల అడ్డంగా ఊపింది. "అవి తొడిగితే వేళ్లకు తెలివి పోద్ది." మిరప చేతికి ఒట్టి నీళ్లు పనిచేయవు. ముందు కొబ్బరి నూనె. తర్వాత సబ్బు. మళ్లీ నూనె. మళ్లీ సబ్బు. శాంతి ఆ చేతుల్ని వాసన చూసి, పోయింది అంది.

"వాసన పోతే మంట పోయినట్టా," అంది నాగేంద్రమ్మ.

ఆ తర్వాత ఆ మనిషి చేసిన పనిని వర్ణించడానికి నాకు సమాసాలు చాలవు. కుడిచేతి రెండు వేళ్లూ చాచి, తన కుడి కంటి రెప్ప మీద, అంచు దాకా, బాగా రుద్దుకుంది. అలాగే నిలబడింది. ఒక నిమిషం. కంట్లో నీళ్లు కారాయి.

"మండుద్ది," అంది, వానపడుద్ది అన్నట్టు. మళ్లీ నూనె, మళ్లీ సబ్బు. ఈసారి ఎడమ కన్ను. నిలబడింది. ఒక నిమిషం.

"ఇప్పుడు లేదు. రా."

పన్నెండూ నలభై.

తడి దూదితో తోక పోయింది. మొదట కుచ్చు, తర్వాత వంపు, తర్వాత ముక్కు దూలం మీది పొడవు. ఆమె లోపల ఏదో గొణుగుతూనే ఉంది. సింహానికి సర్ది చెబుతోందేమో. దూది తీసేసరికి శాంతి వంగి నా ముక్కు కొన చూసింది.  ఫొటో తీసింది. ఏముందని నేను అడగలేదు. అడిగేంత ధైర్యం అప్పుడు లేదు.

మిగిలింది కన్ను.

ఆ నేత్రద్వారానికి కావలి ఉన్న పైరెప్ప సామాన్యమైన రెప్ప కాదు. ఉబ్బి, ఎర్రబారి, ఆరు పొక్కులు మోస్తూ, వెలుతురనే మాట వింటేనే గడియ పెట్టుకునే వజ్రకవాటం. శాంతి టార్చి వేసింది. కవాటం మూసుకుంది. గ్లౌజు వేలితో ఎత్తింది. జారింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ జారింది. మొదటి ఫొటోలో రెప్ప పడింది. రెండో ఫొటోలో శాంతి బొటనవేలు పడింది. మూడో ఫొటోలో క్లినిక్ ఫ్యాను పడింది, అది మాత్రం స్పష్టంగా ఉంది. సరిగ్గా అప్పుడే సిగ్నల్ రెండు గీతల నుంచి ఒక గీతకు, ఒక గీత నుంచి శూన్యానికి చేరి, డాక్టర్ యశస్విని తెల్ల గోడతో సహా అంతర్ధానమైంది.

"గేటు కాడ వస్తది," అంది శాంతి.

కుర్చీతో సహా నన్ను ఎత్తి గేటు దగ్గర దించారు. నేను బరువైన మనిషిని కాను, అయినా ఇద్దరు ఆడవాళ్లు నన్ను మోశారన్నది ఊరు మరిచిపోదు. అక్కడ సిగ్నల్ ఉంది, తెర మీద డాక్టరూ ఉంది. ఎండ కూడా ఉంది. మాఘమాసపు మధ్యాహ్నపు ఎండ సహస్ర ఖడ్గాలై రెప్ప సందులోంచి దూసుకొచ్చింది.

"బాబాయ్, ఒక్క నాలుగు లెక్కపెట్టేదాకా తెరువు. నాలుగే."

"నా వల్ల కాదు."

"ఒంటిగంటకు ఎనిమిది నిమిషాలుంది."

"గుంటూరే పోతాలే. వదిలెయ్."

"పోతే ఎట్టా పోతావు, నీకు బస్సు బోర్డు కూడా కనపడదు."

"వదిలెయ్ అన్నానా."

నాగేంద్రమ్మ శాంతిని పక్కకు జరిపింది. నా ముందు నిలబడి ఎండకు అడ్డమైంది. ఎడమ అరచెయ్యి నా తల వెనక పెట్టింది. ఎనిమిదేళ్లుగా నా ముఖాన్ని మంగలి తప్ప ఎవరూ ముట్టుకోలేదు. ఆదివారం కూడా ఆమె వేపపుల్లతోనే ముట్టుకుంది.

"ఒరేయ్, నన్ను చూడు."

"కనపడట్లే పెద్దమ్మా."

"కనపడకపోయినా చూడు."

కుడిచేతి రెండు వేళ్లు రెప్ప మీదికి వచ్చాయి. పొక్కుల మీద కాదు, పొక్కుల నడుమ. యాభై ఏళ్లుగా ఊరి ముఖాల మీద జూలు గీసిన వేళ్లు. వణుకు లేదు. మిరప మంట లేదు. ఆ వేళ్లు బలవంతం చేయలేదు. తలుపు తట్టి నిలబడ్డట్టు నిలబడ్డాయి. రెప్ప లేచింది.

ఒకటి. శాంతి టార్చి వెలుగు బ్రహ్మాండం బద్దలైనట్టు లోపలికి వచ్చింది. రెండు. సర్పి నరాల వెంట ఉన్న బాణాలన్నీ ఒక్కసారి వదిలింది. మూడు. వెలుగు నడుమ ఒక మచ్చ, మచ్చలో ఒక ముఖం, ఆ ముఖాన రెండు ఎర్రటి కళ్లు, సబ్బు వాసన. నాలుగు.

"వచ్చింది," అంది శాంతి.

తెర మీద చక్రం తిరగడం మొదలైంది. సుదర్శనం కాదు. ఫొటో పోతోందని చెప్పే చక్రం. అది తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది. నాగేంద్రమ్మ చెయ్యి నా తల వెనకే ఉంది. ఆమె మరిచిపోయిందనుకుంటాను. నేను గుర్తు చేయలేదు. పన్నెండూ యాభై ఆరుకు రెండు ఫొటోలూ గుంటూరు చేరాయి. డాక్టర్ యశస్విని వాటిని ఫోన్లోకి తీసుకుని లేచి పక్క గదిలోకి వెళ్లింది. తెర మీద తెల్ల గోడ ఒక్కటే మిగిలింది. మేం ముగ్గురం ఆ గోడను చూస్తూ నిలబడ్డాం. నేను కూర్చునే ఉన్నాను.

ఆమె తిరిగి వచ్చింది. నవ్వుతోంది.

కాబట్టి వినుకొండ నుంచి మాచర్ల దాకా, నరసరావుపేట కోర్టు మెట్ల నుంచి పిడుగురాళ్ల బట్టీల పొగ దాకా, భూచరులూ జలచరులూ ఆర్టీసీ బస్సుల్లో నిలబడి ప్రయాణించువారూ ఎల్లరూ ఆలకింతురు గాక. మాఘమాసపు మంగళవారం, పన్నెండు గంటల యాభై తొమ్మిది నిమిషాలకు, చర్మవైద్య నేత్రవైద్య ఉభయ పీఠాల సాక్షిగా, ఘోరసంగ్రామానంతరం నిస్సంశయంగా నిరూపితమైన విజయం ఇది: పున్నారావు ముక్కు కొన మీద ఏమీ లేదు.

నల్లగుడ్డు మీద కూడా మచ్చ లేదు. రోజుకు ఐదు మాత్రలు, ఏడు రోజులు. గురువారం మళ్లీ చూపించాలి. చూపు మసకబారినా, నొప్పి పెరిగినా వెంటనే వెళ్లాలి. గుంటూరు ఇవాళ అక్కర్లేదు.

"నా తోక అక్కడ కాపలా ఉండబట్టే పొక్కు రాలేదు," అంది నాగేంద్రమ్మ తెరతో.

డాక్టరు కాసేపు ఆలోచించింది. "మాత్రలు మాత్రం వేయించండమ్మా."

"వేయిస్తా. ఐదూ నా ఎదటే మింగాలి వీడు. ఒరేయ్, విన్నావా? కుక్క అన్న నోటితోనే మింగాలి."

విన్నదన్నమాట, ఆదివారం నాడు. శాంతి మొదటి మాత్ర, నీళ్లు తెచ్చింది. మింగాను. టార్చి ఎప్పుడో ఆర్పేసింది. నాగేంద్రమ్మ ఎండకు అడ్డంగానే ఉంది.

"ఆ కంట్లో నీళ్లు ఇంకా ఆగలేదా?" డాక్టరు తెరకు దగ్గరగా వచ్చి అడిగింది. "నొప్పి ఎక్కువగా ఉందా?"

"నొప్పి కాదులేమ్మా," అంది నాగేంద్రమ్మ. "కోటమ్మ పోయిన్నాడు కూడా వీడి కంట చుక్క రాలా. ఇప్పుడు వస్తన్నయ్. రానీ."

డాక్టరు తల వంచి మాత్రల చీటీ రాసింది. 

టార్చి వెలుగు పడితే కంట్లో నీళ్లు కారతాయి. ఇది వైద్యం. శాంతిని అడిగితే చెబుతుంది. నాగేంద్రమ్మను అడిగితే వేరేగా చెబుతుంది, అప్పుడే సగం ఊరికి చెప్పింది కూడా. నన్ను అడగొద్దు. ఈ కథ విన్నందుకు మీకు పుణ్యం ఏమీ రాదు. చెప్పినందుకు నాకూ రాలేదు. ఆ మంగళవారం సంగతి నేను ఇక ఎత్తను.